అరవై ఏడో పడవ

హిమవేల రాజ్యంలో ఏడాదికొక రోజు సూర్యుడు బద్ధకంగా లేచి, కొండల అంచున నాలుగడుగులు పాకి, మళ్ళీ సముద్రంలో పడి నిద్రపోతాడు. ఆ రోజు పగలంతా కలిపినా రెండు జాములకు మించదు. సరిగ్గా ఆ పొట్టి పగటిలోనే మహారాజు సుమేధుని ప్రాణం నిలవడమో పోవడమో తేలిపోవలసి వచ్చింది.

మూడు నెలల కిందట మాంత్రికుడు ధూమ్రజటి నిండుకొలువులోకి వచ్చి, అందరూ చూస్తుండగా మహారాజు ఊపిరిని ఒక తెల్లని శంఖంలోకి లాగి మూత బిగించాడు. మహారాజు రాజధానిలో పట్టుపరుపు మీద కొయ్యబారి పడి ఉన్నాడు. శంఖం మాంత్రికుడి మొలకు వేలాడుతోంది. ఏడాదిలోకెల్లా చిన్న పగలు అస్తమించే వేళకు శంఖంలోని ఊపిరి ఆరిపోతుంది. దానికి విరుగుడు ఒక్కటే, ఆ దేశానికి మొట్టమొదట పడవలో వచ్చిన మూలపురుషుడు పాతిపెట్టిన కంచుకొమ్ము. దాన్ని మూడుసార్లు ఊదితే బందీ ఊపిరి ఎక్కడున్నా గూటికి చేరుతుంది. బంధించినవాడి మంత్రశక్తి కూడా అంతటితో సరి.

ఈ సంగతి మాంత్రికుడికీ తెలుసు. కొమ్ము ఎవరికీ దక్కకుండా తానే చేజిక్కించుకోవాలని వెయ్యిమందిని పట్టుకొచ్చి ఉత్తరతీరమంతా తవ్విస్తున్నాడు. రాజవంశంలో తరతరాలుగా ఒక మాట ఉంది: 'తొలి పడవ ముక్కు నుంచి నీటివైపు తొమ్మిదడుగులు.' ద్రోహి అయిన మంత్రి ఒకడు ఆ మాటను మాంత్రికుడి చెవిన వేశాడు. మాట దొరికింది గాని బుద్ధి దొరకలేదు. తొలి పడవ అంటే బండల మీద చెక్కిన పడవ అని మాత్రం గ్రహించాడు. ఎర్రగా జేగురు పూసిన రాతిపడవలు కంటికి కనిపించేవన్నీ నీటి అంచునే ఉన్నాయి. ఇక అక్కడే తవ్వించాడు. మూడు నెలల్లో ఆ తీరం ఎలుకలు కొరికిన గోనెసంచిలా తయారైంది. దొరికినవి మాత్రం ఎండ్రకాయలు.

ఆ గుంటల్లో ఒకదానిలో నడుములోతు బురదలో నిలబడి పార విసురుతున్నవాడు మైనాకుడు. రాతిపడవలు చెక్కే కులంలో మిగిలిన ఒకే ఒక్క మగవాడు. ఇరవై రెండేళ్ళ వయసు, తలుపులో పట్టని భుజాలు, ఎంత కష్టంలోనైనా ఈలవేసే పాడు అలవాటు. అప్పుడు కూడా వేస్తూనే ఉన్నాడు.

"ఏయ్ పొడుగోడా! ఈల ఆపి పైకి రా!" అంటూ ఒక భటుడు కొరడా ఝళిపించాడు. సన్నగా ఉన్న ఆ భటుడికి మనిషికంటే మీసం పెద్దది. మైనాకుణ్ణి జబ్బ పట్టుకుని ఒక పెద్ద బండ చాటుకు ఈడ్చుకుపోయి, అటూ ఇటూ చూసి, ఆ మీసాన్ని ఊడబెరికాడు. మీసం వెనక ఒక ఆడపిల్ల ముఖం బయటపడింది.

"అరవకు. నేను మౌక్తికను" అంది ఆమె.

మహారాజుకు ఒక్కగానొక్క కూతురు మౌక్తిక. మూడు నెలలుగా కనిపించడం లేదని దేశమంతా వెతుకుతున్న యువరాణి! మైనాకుడు ఆమెను తేరిపార చూసి, "మీసం బాగుంది యువరాణీ. ఎడంపక్క కాస్త జారిందంతే" అన్నాడు.

"నీకు నవ్వులాటగా ఉందా? ఇవాళ సూర్యుడు కుంకితే నా తండ్రి ఉండడు. మీ కులంవాళ్ళకు ఈ పడవల గుట్టు తెలుసని విన్నాను. తొలి పడవ ఎక్కడుందో చెప్పు" అంటూ ఆమె ఒక్క గుక్కలో శంఖం సంగతి, కొమ్ము సంగతి, రాజవంశపు మాట అన్నీ చెప్పేసింది.

మైనాకుడి ముఖంలో నవ్వు పోయింది. "ఇదా వీళ్ళు వెతికేది! మాకెవడు చెప్పాడు? తవ్వమన్నారు, తవ్వుతున్నాం. యువరాణీ, మీ మాంత్రికుడు ముసలి సముద్రాన్ని పడుచు ఒడ్డున వెతుకుతున్నాడు. ఇప్పుడు నేను తవ్వుతున్న గుంట ఉందే, మా ముత్తాత నాడు అక్కడ సొరచేపలు తిరిగేవి."

"అంటే?"

"సముద్రం దిగిపోతోంది. తరానికొక మూర. మా కులంలో పన్నెండో ఏడు రాగానే ప్రతివాళ్ళూ నీటి అంచున నిలబడి, మడమ తడిసిన చోట ఒక పడవ చెక్కాలి. ఆడా మగా తేడా లేదు. నేను చెక్కిన నాడు నీళ్ళు నా పడవను తాకుతుండేవి. ఇప్పుడు జానెడు కిందికి పోయాయి. నా ముందువాళ్ళవి నాకు పైన, వాళ్ళ ముందువాళ్ళవి వాళ్ళకు పైన. తొలివాడి పడవ ఎక్కడుంటుందో మీరే చెప్పండి."

మౌక్తిక తలెత్తింది. తీరం వెనక నునుపైన బండలు మెట్లుమెట్లుగా లేచి, పైన నాచులో, ఆపైన దేవదారు అడవిలో కలిసిపోతున్నాయి. "కొండ మీదా? పడవ కొండ మీద ఉంటుందా?" అంది నమ్మలేక.

"ఉంటుంది. దాన్ని పట్టడానికి నా కళ్ళు చాలవు, మా అవ్వ వేళ్ళు కావాలి. పదండి" అన్నాడు మైనాకుడు.

పదండి అనగానే పోవడానికి అది సంతబజారు కాదు. బండ దాటితే పాతికమంది కాపలాభటులు. మైనాకుడు మొలలోని జేగురుసంచి విప్పి, ఉమ్మి కలిపి, ముఖం మీదా మెడ మీదా చుక్కలు చుక్కలుగా పెట్టుకున్నాడు. మౌక్తికకు అర్థమయ్యేసరికి ఒక్క క్షణం పట్టింది. మరుక్షణం మీసం అంటించుకుని, మైనాకుణ్ణి బల్లెం కొసతో పొడుస్తూ బండ చాటునుంచి బయటికి తోలింది. "తప్పుకోండి బాబోయ్! వీడికి అమ్మవారు పోసింది! ఊరవతల పారేసి వస్తాను!" అని గొంతు చించుకుంది.

పాతికమంది శూరులూ పాతిక దిక్కులకు పరుగెత్తారు. వాళ్ళ నాయకుడైతే గుంటలో పడి, లేచి, మళ్ళీ గుంటలోనే పడ్డాడు. మైనాకుడు మూలుగుతూ, తూలుతూ, భుజాన పారతో సహా వాళ్ళ మధ్యనుంచే నడిచిపోయాడు. అమ్మవారు పోసినవాడు పార ఎందుకు మోస్తున్నాడని అడిగే తీరిక ఎవడికీ లేకపోయింది.

మైనాకుడి అవ్వ గవ్వమ్మ గుడిసె ముందు కూర్చుని వల అల్లుతోంది. ఆమెకు చూపు పోయి పదేళ్ళయింది. నాలుక మాత్రం ఉలికంటే వాడిగా ఉంది.

"ఏట్రా పగటేలే వొచ్చేసినావు? తవ్వుడు అయిపోనాదా? పక్కనెవురు?" అని, దగ్గరకు వచ్చిన మౌక్తిక మణికట్టు పట్టుకుని తడిమింది. "సిపాయి యేసమేసినా ఇది సిపాయి సెయ్యి కాదు. గాజులు ఒరుసుకున్న గీత ఇంకా పోనేదు. ఎవురి పిల్లవి తల్లీ?"

మౌక్తిక చెప్పింది. గవ్వమ్మ వల పక్కన పడేసింది. రాజుగారి పేరు వినగానే లేచి నిలబడింది గాని, కొండ మాట వినగానే మళ్ళీ చతికిలబడింది. పెద్దల పడవల మీద కాలు పెట్టకూడదన్నది ఆ కులపు కట్టుబాటు. అందుకే తరాల తరబడి ఆ బండల వాలు మీదికి ఒక్కరూ ఎక్కలేదు. నాచు కప్పేసింది, చెట్లు మొలిచాయి, పైన పడవలున్నాయన్న మాట కూడా పాటల్లోనే మిగిలింది.

"పెద్దోల నెత్తి మీద నడవమంటావేట్రా?" అంది గవ్వమ్మ.

"నువ్వు నడవకే. నా ఈపెక్కు. కాళ్ళు నావి, ఏళ్ళు నీవి. తప్పుంటే నాకే తగుల్తాది" అన్నాడు మైనాకుడు.

ముసలమ్మ కాస్త ఆలోచించి, "అలగైతే సరే. తప్పంతా నీదే. పెద్దోలు అడిగితే మోసుకుపోనాడని సెప్తాను" అంటూ అతని వీపు మీదికి ఎక్కేసింది.

ఇక మొదలైంది కొలత. మైనాకుడి చేతిలో మూరెడు కర్ర. దాన్ని నిలబెట్టి, దాని తల దగ్గర నీళ్ళు నింపిన చిప్ప పట్టి, ఆ నీటి అంచు మీదుగా ఎదుటి బండను చూస్తాడు. చూపు తగిలిన చోటు సరిగ్గా ఒక మూర ఎత్తు. అక్కడ మౌక్తిక బల్లెంతో గీత పెడుతుంది. ఒక్కొక్క గీతకూ గవ్వమ్మ వంశంలో ఒక్కొక్క పేరు చెబుతుంది. పాటలో నేర్చిన వరసను తిరగేసి, మనవడి నుంచి మూలపురుషుడి దాకా.

"మైనాకుడు. ఆడి మీన గవ్వమ్మ, అంటే నానే. నా మీన మా అత్త సిప్పాలు. సిప్పాలు మీన సుక్కాని దేముడు. దేముడి పడవకి తెడ్లెక్కువ, దేముడికి బుర్ర తక్కువ. ఆడి మీన నత్తడు..."

పది మూరలు. ఇరవై. కింద గుంటల్లోని మనుషులు చీమలంతయ్యారు. మంచు అట్టకట్టిన బండల మీద మైనాకుడి పాదాలు మేకపోతు గిట్టల్లా పట్టు వెతుక్కుంటున్నాయి. ముప్ఫై రెండో మూర దగ్గర ఆ పట్టు తప్పింది. నాచు పలక మొత్తంగా ఊడి, అతనూ వీపు మీది అవ్వా సర్రున కిందికి జారారు. బండ అంచు ఇంకా రెండు బారలుంది, దాని కింద ఉత్త గాలి. మౌక్తిక బల్లేన్ని పగులులో దిగ్గొట్టి, దాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మైనాకుడి జుట్టు అందుకుంది. అతను ప్రాణం పోతున్నట్టు కేకపెట్టాడు గాని ఆగాడు.

"ఎందాకా వొచ్చినామురా? ముప్పై రెండా, ముప్పై మూడా?" అంది గవ్వమ్మ, ఏమీ జరగనట్టు.

నాచు ఊడిన చోట బండ మీద వేలెడు లోతున పడవ ఒకటి కనిపించింది. ముక్కు గుర్రపు తలలా పైకి లేచి ఉంది. లోపల గీతలు గీతలుగా మనుషులు. గవ్వమ్మ వేళ్ళ మీద పేర్లు లెక్కపెట్టుకుని, "ముప్పై రెండు. అలగైతే ఇది జాలారిది" అని తేల్చేసింది. మౌక్తిక అప్పుడు మొదటిసారి నవ్వింది. ఈ పని అవుతుందని ఆమెకు ధైర్యం చిక్కింది.

అరవయ్యో పేరుతో వంశం అయిపోయింది. ఆ పేరు 'వొచ్చినోడు'. మూలపురుషుడికి వాళ్ళు పెట్టుకున్న పేరు అదే. కొలత దేవదారు అడవి మధ్యకు తీసుకువచ్చింది. మైనాకుడు నాచు చీల్చాడు. పడవ ఉంది! ముక్కు నుంచి నీటివైపు తొమ్మిదడుగులు కొలిచి పార దించాడు. మూడో వేటుకే పార కింద గలగలమంది. చెట్ల వేళ్ళ మధ్య, కొండ మీది మట్టిలో, గంపలకొద్దీ ఆల్చిప్పలు!

మౌక్తిక ఒక చిప్పను అరచేతిలో పెట్టుకుని కిందనున్న సముద్రం వైపు చూసింది. ఒకనాడు ఈ అడవిలో అలలు కొట్టాయన్న మాటకు ఇంకొక సాక్ష్యం అక్కరలేదు. కాని ఆల్చిప్పల కింద బండ తగిలింది. కొమ్ము లేదు. సూర్యుడు సముద్రానికి నాలుగు బెత్తల ఎత్తున ఉన్నాడు.

గవ్వమ్మ ఆ పడవ మీద వేళ్ళు నడిపించి తల అడ్డంగా ఊపింది. "ఇది వొచ్చినోడిది కాదురా. దీంట్లో పన్నెండుమంది తెడ్లోలున్నారు. వొచ్చినోడు ఒంటిగా వొచ్చినాడు. ఆడి పడవలో సూరీడొక్కడే ఉంటాడని పాట."

"లెక్క తప్పామా?" అంది మౌక్తిక.

మైనాకుడు కర్ర చూశాడు, గీతలు చూశాడు. కొలతలో తప్పు లేదు. మరి తప్పు పేర్లలోనే ఉండాలి. అవ్వ ముందు మోకాళ్ళ మీద కూర్చుని నెమ్మదిగా అడిగాడు.

"అవ్వా, సముద్రంలో పోయినోల పేర్లు ఈ వరసలో సెప్పినావా?"

గవ్వమ్మ పడవ మీదనుంచి చేతులు తీసేసింది. ఆ కులంలో ఒక ఆచారం ఉంది. నీళ్ళలో పోయినవాడి పేరు మళ్ళీ ఎవరూ ఎత్తరు. పలికితే పిలిచినట్టేనట. సముద్రం వింటుంది, వాడి ముఖం తగిలించి మరి దేన్నో పంపుతుంది. అందుకే ఆ పేర్లు పాటలో ఉండవు. అత్త చనిపోయేముందు కోడలి చెవిలో ఒక్కసారి చెబుతుంది, అంతే. తరానికొక మూర చొప్పున సముద్రం దిగింది నిజమే. పేర్ల చొప్పున లెక్కపెట్టిన వీళ్ళు మాత్రం నీళ్ళలో పోయినవాళ్ళ తరాలను వదిలేసి లెక్కపెట్టారు.

"ఆల పేర్లు పలకకూడదురా" అంది గవ్వమ్మ చివరికి.

మౌక్తిక ముసలమ్మ చేతులు పట్టుకుంది. "అవ్వా, నా తండ్రి ఊపిరి ఇంకొక గడియ ఉంటుంది. మీ ఆచారం తప్పమని అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను."

గవ్వమ్మ గట్టిగా నిట్టూర్చింది. "నడవరా" అంది మనవడితో.

ఒక్కొక్క మూరకూ ఒక్కొక్క పేరు. ఎన్ని వందల ఏళ్ళుగానో గాలి తగలని పేర్లు. "సంకుడు. ఏటవాలు బొడ్డి. పోలి. కెరటాలు. గుడ్డి సూరడు. మంచడు." ఆరు పేర్లు, ఆరు మూరలు. మైనాకుడు ఆత్రంగా నాచు పీకాడు. పడవ ఉంది. అందులో ఇద్దరు తెడ్లవాళ్ళున్నారు. సూర్యుడు లేడు.

"అయిపోనాయా?"

"అయిపోనాయి" అంది గవ్వమ్మ, ముఖం పక్కకు తిప్పుకుని.

మైనాకుడు ఆమె ముఖాన్ని రెండు చేతులతో తనవైపు తిప్పాడు. ఇరవై ఏళ్ళుగా అతని నాలుక చివర ఆగిపోయిన ప్రశ్న అది. చిన్నప్పుడు అడిగితే మూతి మీద కొట్టింది. తరవాత అతనే అడగడం మానేశాడు. "అవ్వా, మా అయ్య" అన్నాడు.

ముసలమ్మ పెదవులు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి. చూపు లేని కళ్ళు మాత్రం నిండిపోయాయి. కన్నకొడుకు పేరు పలకకుండా ఇరవై ఏళ్ళు బతకడమంటే ఏమిటో ఆ ముఖం చూస్తే తెలిసింది. "పగడయ్య" అంది. "నా కొడుకు పేరు పగడయ్య. మా బాగా పాడేవోడు." ఒకసారి నోరు విడిచాక ఆగలేక మూడుసార్లు అంది ఆ పేరు.

మైనాకుడు కూడా ఒకసారి పైకి అనుకున్నాడు. తండ్రి లేని పిల్లవాడికి తండ్రి పేరు దొరికింది. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాడు. తరవాత కర్ర ఎత్తి మరొక్క మూర కొలిచాడు.

నాచు కింద నుంచి అరవై ఏడో పడవ బయటపడింది. తక్కినవన్నీ దాని ముందు పిల్లలాటలు. నిలువెత్తు మనిషి పడుకుంటే పట్టేంత పొడవు, రెండు కొనలా చుట్టుకున్న ముక్కులు, నడుమ తెడ్లు లేవు, మనుషులు లేరు, నాలుగు ఆకుల చక్రంలా సూర్యుడొక్కడే కూర్చుని ఉన్నాడు. పడవ కింద రెండు పాదాల ముద్రలు, ఇప్పుడే నీళ్ళలోంచి ఎక్కి వచ్చినంత స్పష్టంగా ఉన్నాయి. గవ్వమ్మ ఆ పాదాలను తాకి కళ్ళకద్దుకుంది. మైనాకుడు మరి ఆలస్యం చేయకుండా తొమ్మిదడుగులు కొలిచి తవ్వాడు. మోకాలిలోతున భూర్జపత్రాల చుట్ట తగిలింది. విప్పితే పాములా మెలికలు తిరిగిన కంచుకొమ్ము, బారెడు పొడవున, పచ్చగా కిలుం పట్టి ఉంది.

సూర్యుడి అంచు సముద్రాన్ని ముట్టింది.

"అమ్మా!"

చెట్ల మధ్యనుంచి ఒక మనిషి నడిచి వస్తున్నాడు. ఒళ్ళంతా తడి. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ ముఖం చూసి మైనాకుడు కొమ్మును రొమ్ముకు హత్తుకున్నాడు. అది అతని ముఖమే, ఇరవై ఏళ్ళు పైబడి ఉంది.

"అమ్మా, నువ్వు నన్ను పిలిచినావు గదా. వొచ్చినాను" అన్నాడు ఆ మనిషి. మైనాకుడి వైపు తిరిగి చెయ్యి చాచాడు. "ఎంత పెద్దోడివి అయిపోనావురా! కొమ్ము ఇలగియ్యి నాయనా. మూడు దెబ్బలు ఊదాలంటే నీ దమ్ము సాలదు. నానూదుతాను."

మాటలో కులపు యాస ఉంది. ముఖంలో ప్రేమ ఉంది. మైనాకుడికి తెలియకుండానే అతని చెయ్యి కొమ్ముతో సహా సగం ముందుకు వెళ్ళింది. మౌక్తిక వద్దని తల ఊపుతోంది, అతను చూడటం లేదు.

"ఉండరా" అంది గవ్వమ్మ. "ముందు నన్ను ముట్టుకోనీ. రా నాయినా, సేతులియ్యి."

ఆ మనిషి చేతులిచ్చాడు. ముసలి వేళ్ళు వాటి మీద నడిచాయి. రాతిపని మొదలుపెట్టిన ఏడాదిలోపే ఆ కులంలో ప్రతివాడి ఎడమ బొటనవేలి గోరు సుత్తి కింద పడి చితుకుతుంది, ఇక జన్మలో సరిగా మొలవదు. ఈ బొటనవేలి గోరు గుండ్రంగా, నున్నగా, ముద్దుగా ఉంది.

గవ్వమ్మ ముఖంలో ఒక్క గీత కదలలేదు. ఇరవై ఏళ్ళ ఆశ ఒక్క క్షణంలో పుట్టి ఒక్క క్షణంలో చచ్చిందని పైకి ఎవరికీ తెలియలేదు. "నా కొడుకే" అంది, ఆ రెండు చేతులనూ తన చేతుల్లోకి తీసుకుంటూ. "అనుమానం నేదు. కొమ్మిచ్చేయరా మైనాకా. ఇచ్చేముందు ఒక్కపాలి ఊది మట్టి పోగొట్టియ్యి. మీ అయ్యకి నోట్లో మట్టి పడితే సిరాకు."

అవ్వ మణికట్ల మీద నరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి. కొడుకును ముట్టుకునే తల్లి అలా పట్టుకోదు. మైనాకుడికి అర్థమైపోయింది. కొమ్ము నోట పెట్టి, కడుపులో ఉన్న గాలంతా అందులోకి తోశాడు.

మట్టి పిడచ తుపుక్కున పోయి ఆ మనిషి ముఖం మీదే పడింది. వెంటనే కొమ్ము మోగింది. కొండ అదిరింది. దేవదారుల మీది మంచంతా ఒక్కసారి రాలింది. కింద సముద్రం ఉలిక్కిపడి లేచి, తాను ఒకనాడు దిగిపోయిన మెట్లన్నీ మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది. గుంటల్లోని కూలీలు, వాళ్ళ వెనక భటులు, వాళ్ళ వెనక పాతికమంది శూరులు, అందరూ పక్కకొండ మీదికి పడుతూ లేస్తూ పరుగెత్తారు.

పగడయ్య ముఖం మైనంలా కరిగిపోయింది. దాని కింద పొగరంగు జడలు, పచ్చని కోరలు. ధూమ్రజటి! చాటుగా వెంటాడి వచ్చి, ముసలమ్మ పలికిన పేరు విని వేసిన వేషమన్నమాట. మొలకు శంఖం ఊగుతోంది. "వదలవే ముసలిదానా!" అని గింజుకున్నాడు. అరవై ఏళ్ళు సుత్తి పట్టిన చేతులవి, వదల్లేదు. మౌక్తిక బల్లెంతో పొడిచింది. మాంత్రికుడు ఉఫ్ అన్నాడు. బల్లెం బూడిదై రాలింది. ఆమె వట్టి చేతులతోనే మీదికి దూకింది. అప్పటికి అతను పడవంత రెక్కలున్న గద్ద అయి గాలిలోకి లేచాడు. ఆమె పట్టుకున్న చేతులే గద్ద కాళ్ళయ్యాయి, ఆ రెండు కాళ్ళకూ గవ్వమ్మ వేలాడుతూనే ఉంది.

మైనాకుడు రెండోసారి ఊదాడు. గద్ద గాలిలో గిరికీలు కొట్టింది. దాని పొట్ట కింద వేలాడే శంఖం నిలువునా బీటవారింది. సముద్రం సగం కొండ ఎక్కి, వాళ్ళ కాళ్ళ కింద ముప్ఫై మూరల లోతున నురగలు కక్కుతోంది. గద్ద నీళ్ళ మీదికి, ఇంకా పైకి, పది తాటిచెట్ల ఎత్తుకు పోయింది. సూర్యుడిలో ఎర్రని దారమంత మిగిలింది.

కొమ్ము మైనాకుడి పెదవుల దగ్గర ఆగిపోయింది. మూడోసారి ఊదితే మహారాజు బతుకుతాడు, మాంత్రికుడి శక్తి పోతుంది. శక్తి పోతే గద్ద గద్దగా ఉండదు. అంత ఎత్తునుంచి రాయిలా పడుతుంది, దానితో పాటు అవ్వ. ఈ లోకంలో అతనికి ఉన్నది ఆ ఒక్క ముసలిదే.

మౌక్తిక సూర్యుణ్ణి చూసింది, ఆకాశంలో ఊగుతున్న ముసలమ్మను చూసింది. "మైనాకా, ఇది మాత్రం నేను అడగలేను" అంది. ఆమె చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి.

అప్పుడు పైనుంచి, గాలిని చీల్చుకుంటూ, గవ్వమ్మ కేక వినిపించింది.

"ఊదరా ఎదవా! ఏటలగ సూస్తన్నావు? నాకు ఈతొచ్చు!"

మైనాకుడు గుండెల నిండా గాలి పీల్చుకుని మూడోసారి ఊదాడు.